ఖాళీ ఇంటికి కరెంటెందుకు

కాకినాడ,
29 జూన్ 2024

చిరంజీవి జయంత్‌కి,

అక్క ఆశీస్సులు. మేం క్షేమంగా చేరాం. అపూర్వకి నెలలు నిండుతున్నాయి. ఫోనులో నా గొంతు కాస్త లేచిందంటే చాలు, "అమ్మా, కడుపులో బిడ్డ ఉలిక్కిపడుతోంది, బయటికెళ్ళి అరుచుకో" అంటోంది. అరవకుండా నీతో మాట్లాడటం నాకు చేతకాదు. బయటికెళ్ళి అరిస్తే వీధిలో పరువు పోతుంది. అందుకని ఇక నీకు ఉత్తరాలే రాస్తాను. మెయిల్లో పంపినా ఇది ఉత్తరమే. ఉత్తరంలాగే మొదటి నుంచి చివరిదాకా చదువు.

మొన్న నువ్వు మొదలెట్టగానే నేను ఫోను పెట్టేసిన సంగతికి వస్తాను. దోహా ముంతజాలో మా ఇంటి ఓనరు ఇన్నాళ్ళూ అద్దెలోనే కరెంటు, నీళ్ళు, పైపు గ్యాసు కలిపి ఇచ్చేవాడు. ఇప్పుడు వాడకానికి హద్దు పెట్టి, అది దాటితే తన సొంత రేటు వేస్తానంటున్నాడు. మన పేర మీటరు తీసుకుంటే నేరుగా కరెంటు ఆఫీసు రేటే పడుతుందని నీ వాదన. కావచ్చు. కానీ ఆ మాట నువ్వు నెమ్మదిగా చెప్పవు. "నీకేం తెలుసక్కా" అంటావు. ఇరవయ్యేళ్ళుగా ఆ దేశంలో సంసారం చేస్తున్నదాన్ని, వేసవిలో ఆ ఇల్లు ఎంత కరెంటు మింగుతుందో నాకు తెలియదా? శ్లాబులంటే ఏమిటో నాకు నేర్పకు. నెలాఖరులో మీటరు చూసి నాన్న నీళ్ళ మోటారు వెయ్యనివ్వకపోతే బిందెలు మోసింది నేను, నువ్వు కాదు.

ఒక్క వేసవి బిల్లు చూసి ఎగరకుండా, ఏడాది పొడుగునా ఓనరు దగ్గర ఎంత, సొంతంగా ఎంత, గ్యాసు పైపులో ఎంత, సిలిండరైతే ఎంత, అన్నీ పక్కపక్కన పెట్టి చూపించు. అప్పుడు ఆలోచిస్తాం. మీ బావగారైతే "జయంత్ చూసుకుంటాడులే" అని ఇప్పటికే పడక్కుర్చీలో వాలిపోయారు.

తాళాలు నీ దగ్గరున్నాయి గనక వీణ సంగతి మళ్ళీ చెబుతున్నాను. ఆ గదిలో ఏసీ ఒక్క పూటైనా ఆపకు. వీణ మెట్లు నిలిచేది మైనం మీద. అక్కడి ఎండకి గది ఉడికిపోతే మైనం మెత్తబడి మెట్లు జారతాయి. ఆ మైనం అమ్మ పెట్టింది. నువ్వు సైట్ క్యాంప్‌లో ఉన్న చలికాలం, అమ్మ దోహా వచ్చినప్పుడు, మా వంటింట్లో గ్యాసు పొయ్యి మీదే మైనం కరిగించి, బొగ్గుపొడి కలిపి, మెట్లన్నీ తనే కట్టింది. "అంచు కాస్త నునుపు చెయ్యవే అమ్మా" అంటే, "పలికితే చాల్లే, దానికేమన్నా పెళ్ళిచూపులా" అంది. అందుకే మైనం అంచు పొడుగునా ఆవిడ బొటనవేలు నొక్కిన గుంటలు అలాగే ఉండిపోయాయి. మరుసటి ఏడు అమ్మ పోయింది. ఆవిడ చెయ్యి కనబడేది నా దగ్గర ఇంకేమీ లేదు, చీరలైతే ఎన్నిసార్లో ఉతికేశాను. రోజూ వీణ ముందు కూర్చోగానే ఒక గుంటలో నా బొటనవేలు పెట్టి చూసుకుంటాను. సరిపోదు. అమ్మది వెడల్పు వేలు, నాది అందులో తప్పిపోతుంది.

అపూర్వ కాళ్ళు వాచాయి. డాక్టరమ్మ ఉప్పు తగ్గించమంటే, ఇది దాక్కుని ఆవకాయ తింటోంది. ఈ ఏడు కాయ పులుపు తక్కువ, నీకు పట్టిన జాడీ మాత్రం బాగానే కుదిరింది.

మీ అక్క,
లలితకుమారి

*

లుసైల్,
4 జూలై 2024

అక్కా,

నమస్కారం. "నీకేం తెలుసక్కా" అని నేను అనలేదు. "నీకు తెలియదక్కా" అన్నాను. మొదటిది వెటకారం, రెండోది నిజం.

అడిగావు గనక చేశాను. ఆఫీసులో కాస్ట్ కంట్రోల్ డ్యూటీ పొద్దంతా చేసి, ఇంటికొచ్చి మళ్ళీ అదే పని, అదీ జీతం లేకుండా. పోయిన ఏడాది మీ ఇంటి వాడకం వాచ్‌మన్ గిరిని బతిమాలి ఓనరు ఆఫీసు నుంచి తెప్పించాను. పట్టిక జత చేశాను. మొదటి రంగు ఓనరు ప్యాకేజీ. రెండో రంగు సొంత మీటరు, ఓనరు పైపు గ్యాసు. మూడోది సొంత మీటరు, సిలిండరు. నాలుగోది గ్యాసే లేకుండా అంతా కరెంటు. నెలవారీగా వేశాను. వేసవిలో మీరు నెలల తరబడి ఊళ్ళో ఉండరు. కానీ ఓనరు ప్యాకేజీలో ఉన్నా లేకపోయినా ఒకటే బాదుడు. సొంత మీటరైతే వాడినదానికే కడతాం. ఆ ఒక్కచోటే ఓనరు లెక్క తేలిపోయింది.

నా సంగతి చూడు. ఇక్కడ నా టవర్లో కరెంటు ఒకళ్ళది, ఏసీలకి చల్లటి నీళ్ళు పంపే కంపెనీ ఇంకొకళ్ళది. మేం నెల రోజులు ఇల్లు మూసుకుని పోయినా చల్లదనం కంపెనీ స్థిర ఛార్జీ వసూలు చేస్తుంది. వాళ్ళని మార్చుకునే హక్కు నాకు లేదు. నీకుంది. అది వాడుకోవే అంటే అరుస్తావు.

బావగారు అధికారం రాసి పంపారు గనక ఆయన తరఫున దరఖాస్తు మొదలుపెట్టాను. ఆ యాప్ వేలిముద్ర అడిగింది. నా వంకర బొటనవేలిని ఏ మిషన్ గుర్తుపట్టింది గనక? వెనక్కి వంగిపోయి అద్దం మీద సగమే ఆనుతుంది. ఎయిర్‌పోర్టులోనూ ఇదే భాగోతం, వెనక క్యూలో వాళ్ళు "యల్లా, యల్లా" అని తొందరపెడుతుంటారు. చివరికి పాస్‌వర్డ్‌తో కానిచ్చాను.

నా సలహా నాలుగో రంగు. ఇద్దరు మనుషులకి గ్యాసు దండగ. మంచి కరెంటు పొయ్యి ఒకటి కొనిపెడతాను, అక్కడితో ఒకే బిల్లు.

నీ తమ్ముడు,
జయంత్

*

కాకినాడ,
9 జూలై 2024

జయంత్,

నీ పట్టిక తెరవగానే కళ్ళు తిరిగాయి. అన్ని రంగులు హోలీకి కూడా చల్లుకోరు. మధ్యలో నీ గోడు కూడా చదవలేదు, చివరి నాలుగు ముక్కలే చదివాను. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, ఇంతా చేసి నువ్వు తేల్చింది నా వంటింట్లో మంట ఆర్పెయ్యాలని.

బండపచ్చడికి వంకాయ కాల్చాలంటే నీ కరెంటు పొయ్యి మీద ఎలా కాలుస్తానురా? గాజు పలక మీద దొర్లించనా? పుల్కా ఎలా పొంగుతుంది? నా వంటింట్లో ఏం వెలగాలో కూడా నువ్వే తేలుస్తావా? అమ్మ కూడా నీ టవర్‌కి రాననడానికి ఇదే కారణం. "వాడింట్లో పొయ్యి వెలిగిందో లేదో తెలీదే, చెయ్యి పెట్టి చూసుకోవాలి" అనేది.

సొంత మీటరుకి నేను ఒప్పుకుంటాను. ఓనరు హద్దుకి జడిసి ఏసీ కట్టేసుకుని బతకలేను. గ్యాసుకి మాత్రం సిలిండరు పెట్టు, పెట్రోలు బంకులో దొరికేది, లోపల ఎంతుందో బయటికి కనబడేది. నీ మూడో రంగు అదేగా. మార్పిడి చేస్తే చెయ్యి, కానీ వీణ గది మాట మరిచిపోకు. జూలై ఎండ సంగతి నీకు చెప్పక్కర్లేదు.

నిన్న నీ మీద కోపంతో పప్పులో రెండోసారి ఉప్పు వేశాను. మీ బావగారు మారుమాట్లాడకుండా తిన్నారు, అది చూస్తే ఇంకా ఒళ్ళు మండింది.

లలిత

*

లుసైల్,
2 ఆగస్టు 2024

అక్కా,

మనవరాలు పుట్టినందుకు మళ్ళీ ఒకసారి శుభాకాంక్షలు. ఆ రోజు ఫోనులో బావగారు అదే మాట రెండుసార్లు చెప్పారు, నీ గొంతు మాత్రం నర్సుని తిడుతూ వినిపించింది. ఫోటోలో పాప చెవులు అచ్చం అపూర్వవే.

ఉత్తరం ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. ఆఫీసులో ఆడిట్ నడుస్తోంది. మీటరు మార్పిడి అయిపోయింది. ఏ ఇబ్బందీ రాలేదు. ఓనరు ఖాతా మూసేశారు, బావగారి ఖాతా తెరిచారు. ఇంట్లో లైట్లు, ఏసీలు, ఫ్రిజ్ అన్నీ చూసి వచ్చాను. పైపు గ్యాసు తీయించేశాను. సిలిండరు సంగతి మీరొచ్చాక చూద్దాం, అప్పటిదాకా ఉంటుందని కరెంటు పొయ్యి ఒకటి తెచ్చి పెట్టాను. తిట్టుకోకు, ఇష్టం లేకపోతే నేనే తీసుకుపోతాను.

వీణ భేషుగ్గా ఉంది. మెట్లన్నీ తీర్చినట్టు వరసగా ఉన్నాయి. నిన్న కొన్నదానిలా మెరుస్తోంది. దాని గురించి బెంగ పెట్టుకోకుండా పాపను చూసుకో. నీ మరదలు తన్మయి పాపకి ఉంగరం కొంది, ఎవరి చేతో పంపడం ఎందుకని మేమే డిసెంబరులో వచ్చి తొడుగుతాం అంటోంది.

పాప పేరు ఏమనుకుంటున్నారు? నన్నెవరూ అడగరని తెలుసు, ఊరికే అడుగుతున్నాను.

ప్రేమతో,
జయంత్

*

కాకినాడ,
5 ఆగస్టు 2024

చిరంజీవి జయంత్‌కి,

అక్క ఆశీస్సులు. నెల్లాళ్ళు ఉత్తరం లేకపోతే అలిగావనుకున్నాను. పేరు పెట్టే మాట నిన్నడగలేదని తన్మయి అపూర్వతో అందట. అందుకే ఉంగరం పంపకుండా డిసెంబరు దాకా దాచుకుంటున్నారని నాకు అర్థమైంది. అలిగితే అలుగు, అపూర్వకి మేనమామవి, నీకా హక్కుంది. పేరు ఇంకా పెట్టలేదు. చెప్పు, వింటాం.

మీటరు పని ఒంటిచేత్తో చేసుకొచ్చావు. ఎంత తిట్టినా చేశావు. మీ బావగారి చేతిలో పెడితే ఇంకో పుష్కరం పట్టేది. సంతోషం. ఆ పొయ్యి మాత్రం నేను రాకముందే మీ ఇంటికి చేర్చు.

ఒక్క సందేహం. వీణ నిన్న కొన్నదానిలా మెరవడమేమిటి? దాని వయసు నీకన్నా ఎక్కువ. కొబ్బరినూనె గాని రాశావా? రాస్తే కుండ మీదే రాయి, మైనం జోలికి పోకు. అమ్మ కట్టిన ఏడో మెట్టు కొంచెం ఓరగా ఉంటుంది, సరిచెయ్యబోకు, అలా ఉంటేనే పలుకుతుంది. ఒక ఫోటో తీసి పంపు, దగ్గర నుంచి. పాపకి అమ్మ వీణ చూపిస్తానని చెప్పాను. దానికింకా చూపు ఆనదు, అయినా చూపిస్తాను.

మీ అక్క,
లలిత

*

లుసైల్,
8 ఆగస్టు 2024

అక్కా,

ఉంగరం విషయం నువ్వనుకున్నది కాదు. తన్మయి మనసులో అలాంటిదేమీ లేదు. అపూర్వతో సరదాగా అన్న మాట అది. మీ అమ్మా కూతుళ్ళకి సరదాగా అన్న మాటలు ఎప్పుడు అర్థమయ్యాయి గనక.

ఫోటో పంపుతున్నాను. బాగా వచ్చింది. నూనె ఏమీ రాయలేదు, తుడిచానంతే.

పేరు ఆలోచించి రాస్తాను.

జయంత్

*

కాకినాడ,
9 ఆగస్టు 2024

జయంత్,

ఇది ఎవరి వీణ?

అపూర్వ ఫోనులో పెద్దది చేసి చూపించింది. నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. మైనం అంచు రూలుకర్ర పెట్టి గీసినట్టుంది. నల్లగా నిగనిగలాడుతోంది. ఏడో మెట్టు తిన్నగా ఉంది. ఒక్క గుంట లేదు. అటు చివరి నుంచి ఇటు చివరిదాకా ఒక్కటంటే ఒక్కటి లేదు.

అమ్మ వీణ ఏం చేశావు? పాతదైపోయిందని ఎవరికైనా ఇచ్చేసి కొత్తది తెచ్చి పెట్టావా? నీకిది అలవాటే. పనిచేస్తున్న మిక్సీని పారేసి ఏదో బ్రాండుది తెచ్చి, "థాంక్స్ చెప్పక్కా" అని నా ఎదురుగా నిలబడ్డవాడివి. పాత వస్తువు కనబడితే నీకు చేతులు దురద పుడతాయి. లేక ఇదే వీణను ఎవడి చేతనో గీకించి నాకు ఉపకారం చేశాననుకున్నావా? నేను అడిగానా? మైనం జోలికి పోకని రాయలేదా? నిన్న కొన్నదానిలా మెరుస్తోందని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందిరా?

నేను నీకు థాంక్స్ చెప్పాను. నాలుగు రోజుల కిందట కూర్చుని, పాపని ఒళ్ళో పెట్టుకుని, ఎంత తిట్టినా పని చేశాడు తమ్ముడని రాశాను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఇక నాకు నీ పట్టికలు వద్దు, నీ పొయ్యి వద్దు. ముంతజా తాళాలు వాచ్‌మన్ గిరికి ఇచ్చెయ్. ఏం జరిగిందో రాస్తే రాయి. రాయకపోతే ఇదే ఆఖరు ఉత్తరం.

లలితకుమారి

*

లుసైల్,
13 ఆగస్టు 2024

అక్కా,

అది అమ్మ వీణే. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఆ తరవాత నా మాట కూడా ఉంది, అదీ చదువు.

ఓనరు ఖాతా మూసే రోజూ మన ఖాతా తెరిచే రోజూ ఒకటే అయితే ఆ రోజుకి స్థిర ఛార్జీ రెండు చోట్లా పడుతుందని చూశాను. గురువారం మూసి, శుక్రవారం, శనివారం సెలవులు గడిచాక ఆదివారం తెరిస్తే అది తప్పుతుంది. ఖాళీ ఇంటికి మూడు రోజులు కరెంటెందుకు అనుకున్నాను. వీణ గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తుంది. కర్టెన్లు వేసేస్తే చాల్లే అనుకున్నాను. ఆదివారం దరఖాస్తు తిరిగొచ్చింది. నేను జత చేసింది పాత అద్దె అగ్రిమెంటు. తప్పు నాదే. కొత్తది ఓనరు సంతకంతో తెచ్చి పెట్టేసరికి బుధవారం అయింది. ఆ రోజు తలుపు తీస్తే ఇల్లు పొయ్యిలా ఉంది. కిటికీ వైపు సగం మెట్లు ఒక పక్కకి ఒరిగి, తమ బరువుకే మైనంలోకి దిగబడిపోయాయి. బీరువా నీడలో ఉన్న పై స్థాయి మెట్లు అలాగే ఉన్నాయి.

ఇక్కడ కొడుకు దగ్గరికొచ్చి ఉంటున్న సత్యనారాయణమూర్తి గారని, సంగీతం మాస్టారు, వీణలకి మెట్లు కడతారు. ఆయన్ని తీసుకొచ్చాను. "కింది సగం కడితే చాలు బాబూ, పైవి ఎవరో గాని గట్టిగా కట్టారు, వాటిని కదపొద్దు" అన్నారు. నేనే మొత్తం గీకి కట్టమన్నాను. సగం పాతది, సగం కొత్తది అయితే నువ్వు వచ్చిన మర్నాడే కనిపెట్టేస్తావని. నువ్వు తిట్టే తిట్లు తప్పించుకోవడానికి చేశాను, ఇంకే కారణం లేదు. పాత మైనం మాత్రం ఆయన పారెయ్యలేదు. కొత్తదాంట్లో కలిపితే పట్టు బాగుంటుందని అదే కరిగించి వాడారు. అమ్మ పెట్టిన మైనం వీణ మీదే ఉంది.

గుంటల సంగతి నాకు తెలియదు. నీ ఉత్తరం చూశాక జూన్ ఉత్తరం తీసి చదివాను. ఉంది. శ్లాబులకీ అపూర్వ కాళ్ళకీ మధ్యలో ఉంది. అప్పుడు నేను "సిలిండరైతే ఎంత" దాకా చదివి ల్యాప్‌టాప్‌లో పట్టిక మొదలుపెట్టాను. ఏసీ సంగతి నువ్వు వెళ్ళేటప్పుడు నోటితో చెప్పావు గనక మిగతాది నీ మామూలు ధోరణే అనుకున్నాను.

ఇక నా మాట. అమ్మ వేలు మైనం మీద నాలుగేళ్ళు ఉంది. ఆ నాలుగేళ్ళూ నేను శుక్రవారం శుక్రవారం మీ ఇంట్లో భోజనం చేశాను. "ఇటు రారా, అమ్మ చెయ్యి చూడు" అని ఒక్కసారి పిలిచావా? ఆ గది తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. పొరపాటున తెరిస్తే "చల్లదనం పోతోంది, తలుపెయ్" అని వంటింట్లోంచి కేక. కరెంటు లెక్కలు నేనొక్కణ్ణే చూస్తానా? ఎనిమిదో క్లాసులో నా చేత వీణ మాన్పించి లెక్కల ట్యూషన్లో వేశారు. నీకు పెళ్ళిచూపుల్లో పనికొస్తుందని ఉంచారు. అమ్మ పోయాక వీణ ఎవరికని ఎవరైనా నన్నడిగారా? అది నీ ఇంట్లో ఉంది గనక నీదైపోయింది. ఇప్పుడు నేను పోగొట్టింది నీ వస్తువు ఒక్కటే అన్నట్టు రాశావు. అక్కా, నేను పోగొట్టుకున్నాను. అదేమిటో చూడకుండానే నా డబ్బులిచ్చి గీకించుకున్నాను. అమ్మ నీకొక్కదానికే అమ్మా?

ఉత్తరం మధ్యలో ఎక్కడో రాయడం చెప్పడం కాదు. పిలిచి చూపించాలి.

తాళాలు గిరికి ఇచ్చేశాను.

జయంత్

*

కాకినాడ,
24 ఆగస్టు 2024

జయంత్,

పది రోజులు నీకు జవాబు రాయకుండా ఉన్నాను. రాయడానికి కూర్చున్నప్పుడల్లా తిట్లు తప్ప రాలేదు, అవి కొట్టేసి లేచిపోయాను. వరలక్ష్మీ వ్రతం నాడు పేరంటాళ్ళ ముందు మీ బావగారు "మనవాడు మంచి కోసమే చేశాడు" అని నోరు జారారు. కలశం ముందే దులిపేశాను. పాపం ఆయన చేసిందేమీ లేదు, ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టయింది.

మూడు రోజులు ఖాళీ ఇంటికి కరెంటెందుకు అన్నావు. అది ఖాళీ ఇల్లు కాదు. వీణ గుర్తుండి కూడా కట్టేశావు, అది నేను మరిచిపోను. మూర్తిగారు వద్దన్నా గీకించావు, అదీ మరిచిపోను. కరిగిన సగానికి ఎండ మీద వెయ్యొచ్చు, రెండో సగం నువ్వే చేశావు. అమ్మ మైనం అందులోనే ఉందని నాకు చెప్పకు. మైనం కొట్లో దొరుకుతుంది. పోయింది వేలు.

తలుపు మాట నిజం. మూసే ఉంచాను. అది చదివి ఆ రాత్రి అన్నం తినలేదు. అలాగని నీ మీద కోపం చల్లారిందనుకోకు.

నీ ఉత్తరాలన్నీ మొదటి నుంచి తీసి చదివాను, నిన్ను తిట్టడానికి పనికొచ్చే మాట ఏదైనా దొరుకుతుందేమోనని. జూలై ఉత్తరంలో నీ పట్టిక చూసి విసుగొచ్చి మధ్యలో వదిలేసిన భాగం ఉంది చూడు, అది కూడా చదివాను. యాప్ నీ బొటనవేలిని పట్టలేదని, వెనక్కి వంగి అద్దం మీద సగమే ఆనుతుందని రాశావు. నీతో నలభై ఏళ్ళ పైన గడిపి ఆ వేలు నేనెప్పుడూ చూడలేదు. నాది నాన్న వేలు, పొట్టిది. వెనక్కి వంగే ఆ వెడల్పు వేలు అమ్మది, అది నీకు వచ్చింది.

మేం సెప్టెంబరు ఆరున దిగుతున్నాం. నువ్వు ఎయిర్‌పోర్టుకి రానక్కర్లేదు, ట్యాక్సీలో వెళ్తాం. ఆ మర్నాడు శనివారం, నీకు సెలవు. పొద్దున్నే బంకులో సిలిండరు తీసుకుని ముంతజాకి రా. నీ గాజు పలక పొయ్యి మీద మైనం కరిగించడం నాకు రాదు, అమ్మ చేసినట్టు మంట మీదే కరిగించాలి. వీణలు చేసే నూజివీడు నుంచి కొత్త మైనం ఇప్పటికే తెప్పించాను. మూర్తిగారు కట్టిన మెట్లన్నీ పీకేస్తాం. ఆయన కట్టడంలో తప్పేమీ లేదు, ఆ మాట ఆయనకి చెప్పు, కావాలంటే వచ్చి కూర్చోమను. శ్రుతి నేను చూస్తాను. మెట్టు మెట్టుకీ మైనం నువ్వు నొక్కు. వేడిగా ఉంటుంది, వేలు కాలుతుంది, కాలనీ. నునుపు చెయ్యాలని చూశావంటే వీపు విమానం మోత మోగిస్తాను.

పాపకి నువ్వు చెప్పిన పేరే పెడదామంటోంది అపూర్వ. ఇంకా నువ్వు చెప్పనే లేదు. అదీ ఆలోచించుకుని రా.

ఆ రోజు గది తలుపు తీసే ఉంచుతాను. పోయే చల్లదనం పోనీ. ఆ నెల బిల్లు మాత్రం నువ్వే కట్టు.

అక్క